మూడో గుంట

పెంచలకృష్ణకు తీరిక లేదు. ఈ సంగతి విడవలూరు సెంటర్లో తెలియని మనిషి లేడు. రోజూ పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర దాకా టీ బంకు ముందు కుర్చీలో కూర్చుని, ఆ సంగతి ఆయనే ఓపిగ్గా అందరికీ చెబుతాడు. ఆయన భార్య వాణికీ తీరిక లేదు. అయితే ఆ మాట పైకి చెప్పుకోవడానికి కూడా ఆమెకు తీరిక దొరకదు కాబట్టి ఊళ్లో ఎవరికీ తెలియదు.

సముద్రానికి మూడు కిలోమీటర్ల ఇవతల ఉంటుంది వాళ్ల ఊరు. తాతలనాటి వరి పొలాన్ని తొమ్మిదేళ్ల కిందట తవ్వించి పెంచలకృష్ణ రెండు రొయ్యల గుంటలు చేయించాడు. ఇల్లు గట్టుకు ఆనుకునే ఉంటుంది. వంటింటి కిటికీలోంచి ఒకటో గుంట, పెరటి తలుపులోంచి రెండో గుంట కనిపిస్తాయి. నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. ఆ మోతకు ఎంత అలవాటు పడ్డారంటే, అది ఆగితేనే ఇంట్లో వాళ్లకు మెలకువ వస్తుంది.

మొదట్లో గుంటల పని చూడటానికి పోలేరయ్య అనే మనిషి ఉండేవాడు. రెండేళ్ల కిందట అతనికి కృష్ణపట్నం పోర్టులో పని దొరికింది, కంపెనీ బస్సెక్కి వెళ్లిపోయాడు. ఇంకో మనిషిని వెతుకుతున్న రోజుల్లోనే పెంచలకృష్ణ నెల్లూరులో ఒక మీటింగుకు వెళ్లాడు. మేత అమ్మే కంపెనీ ఒకటి రైతులను హోటల్‌కు పిలిచి, బిరియాని పెట్టి, టై కట్టుకున్న ఒకాయన చేత కాలాన్ని ఎలా ఆదా చేయాలో, మనసు మీద భారం ఎలా దించుకోవాలో చెప్పించింది. పెంచలకృష్ణ జీవితంలో శ్రద్ధగా విన్న ఉపన్యాసం అదొక్కటే. మీరే చేసి తీరాల్సిన పనులు మాత్రం మీరు చేయండి, మిగతావి ఇంకొకరికి అప్పగించండి అన్నాడట ఆ టై ఆయన. పెంచలకృష్ణ ఇంటికొచ్చి, తానే చేసి తీరాల్సిన పనులు ఏవా అని ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు. దాంతో అన్నీ వాణికి అప్పగించాడు.

పొద్దున ఆరు గంటలకు, పదికి, మధ్యాహ్నం రెండుకు, సాయంత్రం ఆరుకు గుంటల్లో మేత చల్లాలి. చల్లిన రెండు గంటలకు నీళ్లలోంచి చెక్ ట్రే పైకి లాగి రొయ్యలు ఎంత తిన్నాయో, ఎంత వదిలేశాయో చూడాలి. సీసాలో నీళ్లు పట్టి చుక్కల మందు వేసి ఆక్సిజన్ ఎంతుందో కనిపెట్టాలి. కరెంటు పోతే పరుగెత్తి జనరేటర్ వేయాలి. ఇవి కాక ఇంటి వంట, నెల్లూరు కాలేజీ బస్సెక్కే కూతురికి క్యారేజీ, అత్త చెంచమ్మ మోకాళ్లకు తైలం, బట్టలు, అంట్లు. ఈ ఏర్పాటు వల్ల పెంచలకృష్ణకు రోజుకు రెండున్నర గంటలు మిగిలాయి. మిగిలిన కాలాన్ని వృథా చేయకూడదని కూడా టై ఆయన చెప్పాడు కాబట్టి, వాటిని ఆయన సెంటర్లో కూర్చుని తక్కిన రైతులకు కాలం విలువ చెప్పడానికి వాడుకున్నాడు.

గుంటల సంగతులన్నీ రాయడానికి పొడుగాటి రిజిస్టరు ఒకటుంది. మేత, మిగులు, కదలిక, రంగు, గాలి, మందు అని గళ్లు కొట్టి ఉంటాయి. రాసేది వాణి. పేజీ అడుగున సంతకం పెట్టేది పెంచలకృష్ణ. మొదట్లో చదివి పెట్టేవాడు. చదవకుండా పెడితే రోజుకు పది నిమిషాలు ఆదా అవుతాయని తరవాత కనిపెట్టాడు.

ప్రతి గురువారం టైటస్ వస్తాడు. ల్యాబ్ తరపున ఊరూరా తిరిగి గుంటలు చూసే టెక్నీషియన్ అతను, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. రిజిస్టరు తిరగేసి, ఎర్ర పెన్నుతో ఏం చేయాలో రాసి వెళతాడు. కన్నతల్లి మాట కాదన్న రోజులున్నాయి గానీ ఎర్ర పెన్ను మాట పెంచలకృష్ణ ఏనాడూ కాదనలేదు.

ఇక స్ట్రెస్సు సంగతి. ఈ తీరంలో ఆ మాట మనుషుల కంటే ముందు రొయ్యలకు వచ్చింది. ఎండ కాస్త ముదిరితే రొయ్యకు స్ట్రెస్సు, వాన పడితే స్ట్రెస్సు. అమావాస్యకు, పౌర్ణమికి రొయ్యలు పొట్టు విడుస్తాయి కాబట్టి అప్పుడు మరీ స్ట్రెస్సు. ఆ రెండు రోజులూ పెంచలకృష్ణ ఇంట్లో మర్యాదలు చూసి తీరాలి. మేత తగ్గిస్తారు. బెల్లం నీళ్లలో మందులు కలిపి పోస్తారు. గట్టు మీద గట్టిగా నడవకూడదు, వల వేయకూడదు, వాకిట్లో బండి హారన్ కొట్టకూడదు. ఒక పౌర్ణమినాడు వాణి తమ్ముడు పెళ్లిపత్రిక పట్టుకొని బుల్లెట్ మీద వస్తే, ఆ చప్పుడుకు భయపడి, బండి ఊరి మొదట్లో ఆపి నడిచి రమ్మన్నారు. రొయ్యల తరవాత స్ట్రెస్సు పెంచలకృష్ణది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంటే ఇంట్లో టీవీ గొంతు తగ్గాలి. ఆ ఇంట్లో ఇంకొకరి స్ట్రెస్సుకు ఖాళీ లేదు.

మొన్న ఎండల్లో ఒకరోజు పది గంటల మేత చల్లుతూ చల్లుతూ వాణి గట్టు మీద కూలబడింది. కళ్ల ముందు నీళ్లు, ఆకాశం కలిసిపోయాయి. కాసేపటికి తేరుకుని, మిగిలిన మేత చల్లేసి, ఆటో ఎక్కి ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. అక్కడ నర్సు మెర్లిన్ చేతికి బీపీ పట్టీ చుట్టి, అంకె చూసి, నమ్మలేక ఇంకోసారి చూసింది. నూట డెబ్బై ఎనిమిదికి నూట పది.

"ఎన్నాళ్ల నుంచి తిరగతా ఉండావక్కా ఇట్టా?" అంది మెర్లిన్. "పూటకొక మాత్ర. ఉప్పు తగ్గించు. మాత్ర ఒకటే చాలదు, మధ్యాన్నం అన్నం తిని గంటసేపు పడుకోవాల. ఎవురూ పిలవకూడదు, నువ్వు పలకకూడదు. మూడు వారాలకు మళ్లీ రా. తగ్గకపోతే నెల్లూరుకు రాసిస్తా. నీ వయసోళ్లనే ఈ ఏడు ఇద్దర్ని నోరు వంకరపోతే అంబులెన్సు ఎక్కించినా."

నోరు వంకర అనగానే వాణికి తల్లి గుర్తొచ్చింది. ఆమె కూడా అలాగే పడిపోయింది. కుడి వైపంతా చచ్చుబడి ఆరేళ్లు మంచం మీద ఉంది. వాణికి నలభై ఒకటి దాటాయి, తల్లి పడిపోయినప్పుడు ఆమెకు నలభై నాలుగు. దారి పొడుగునా ఆటోలో ఆమె ఆ లెక్కే వేసుకుంది.

ఆ సాయంత్రం సిగ్గు విడిచి మొగుణ్ని ఒక గంట అడిగింది.

"రెండు నుంచి మూడు దాకా, బావా. ఆ రెండు గంటల మేత ఒక్కటి నువ్వు చల్లితే చాలు."

పెంచలకృష్ణ కాదనలేదు. కాదనడం ఆయన పద్ధతి కాదు, ఆలోచించడం పద్ధతి. టై ఆయన ఇచ్చిన డైరీ తెచ్చి, వాణి రోజంతా గళ్లు గీసి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని అరగంట చూశాడు. చివరికి ముఖం వెలిగింది.

"దొరికింది మే నీ గంట! నువ్వు నాలుగున్నరకు లేస్తా ఉండావు గదా, మూడున్నరకు లెయ్. పని గంట ముందే అయిపోతాది. మేత చల్లేసి హాయిగా పండుకో. టైం అనేది యాడికీ పోదు, వెతుక్కోవాల."

"మా కాలంలో ఈ బీపీలు యాడివి?" అంది చెంచమ్మ, మోకాలు చాపి తైలం కోసం ఎదురుచూస్తూ.

వాణి మూడున్నరకు లేచింది. పనేమీ ముందుగా అయిపోలేదు. ముందుగా లేచిన మనిషిని చూసి పనులు కూడా ముందుగా లేచాయి, అంతే. మేత చల్లి రెండున్నరకు చాప వేసుకుని పడుకుంటే, మొదటి రోజు పెంచలకృష్ణ కత్తెర ఎక్కడుందని అడిగాడు. చెంచమ్మ కాఫీ అడిగింది. మేత బస్తాల ఆటో వచ్చింది. పెంచలకృష్ణ కత్తెర దొరికిందని చెప్పడానికి మళ్లీ లేపాడు. ఇలా వారం గడిచింది. లేచిన ప్రతిసారీ తల వెనక నరం ఒకటి దబదబా కొట్టుకునేది. భయపడటానికి కూడా ఆమెకు విడిగా సమయం లేదు కాబట్టి, అంట్లు తోముతూ భయపడేది.

శుక్రవారం పొద్దున చెక్ ట్రే చూసి, మోటారు గది నీడలో కూర్చుని రిజిస్టరు తెరిచింది. ఒకటో గుంట రాసింది. రెండో గుంట రాసింది. పక్క పేజీ ఖాళీగా ఉంది. ముందుగా అనుకుని చేసిన పని కాదు. పెన్ను దానంతటదే కదిలింది. పైన గుంట 3 అని రాసి, ఉన్న గళ్లు నింపి, చాలక ఇంకో రెండు గళ్లు తానే గీసుకుంది. మేత: రోజుకు ఒక్కసారి, మధ్యాహ్నం మూడున్నరకు. మిగులు: సగం. కదలిక: తెల్లవారుజాము మూడున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా ఆగలేదు. కదిలించడం: ఐదుసార్లు. రంగు: పాలిపోయింది. గాలి: లేదు. మందు: రెండు పూటలు మరిచారు. విశ్రాంతి: అమావాస్యకు కూడా ఇవ్వలేదు.

రాశాక కొట్టేద్దామనుకుంది. సాయంత్రం పెంచలకృష్ణ వచ్చి, మూడు పేజీల అడుగునా మూడు సంతకాలు గీకి, రిజిస్టరు మూసి చంకన పెట్టుకుని ఇంట్లోకి వెళ్లాడు. వాణికి నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది. మర్నాడు మళ్లీ రాసింది. మళ్లీ సంతకం పడింది. గురువారానికి మూడో గుంటకు ఆరు పేజీలు, ఆరు సంతకాలు అయ్యాయి.

గురువారం టైటస్ వచ్చి వరండాలో కూర్చున్నాడు. వాణి లోపల కాఫీ కలుపుతోంది. రెండు గుంటల పేజీలు చకచకా తిప్పిన వాడు ఒకచోట ఆగిపోయాడు.

"అన్నా, మూడో గుంట ఎప్పుడు తవ్వినారు? నాకు మాటమాత్రం చెప్పలేదే."

పెంచలకృష్ణ తెల్లమొహం వేశాడు. టైటస్ రిజిస్టరు ఆయన వైపు తిప్పాడు. పైన గుంట 3, కింద తన సంతకం. వెనక పేజీలోనూ అంతే. తాను సంతకం పెట్టిన గుంట తనకే తెలియదని ఇతని ముందు ఒప్పుకోవడం ఎలా?

"అదా... ఈమధ్యనే లే" అన్నాడు.

"రొయ్యపిల్లల సీడ్ ఎప్పుడు వదిలినారు?"

"చానా రోజులయింది."

టైటస్‌కు అయోమయంగా ఉంది గానీ, అతని కళ్లు అప్పటికే గళ్ల మీద ఉన్నాయి. ఎర్ర పెన్ను మూత తీశాడు.

"ఏందన్నా ఇది? రోజుకు ఒక్కసారి మేతా? అదిగూడా సగం వదిలేస్తా ఉండాయి. తెల్లారుజాము నుంచి నిలకడ లేకుండా తిరగతా ఉండాయని రాసినారు. రంగు పోయింది, గాలి లేదు, అమావాస్యకు రెస్టు ఇయ్యలా. ఇంత స్ట్రెస్సులో పెట్టుకొని ఊరుకున్నారా?"

"ఏం కాదులే టైటస్. అయ్యే అలవాటు పడిపోతాయి."

"అలవాటు పడినట్టు కనపడతాయన్నా. ఒకనాడు పొద్దున్నే చూస్తే తేలిపోయి ఉంటాయి." టైటస్ లేచి నిలబడి సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "ఇంకో వారం ఇట్టే పోతే నేను గాదు, ఎవురొచ్చినా చేసేదేం లేదు. పదండి, ఇప్పుడే చూద్దాం. యాడుండాది గుంట?"

పెంచలకృష్ణ ఒకటో గుంట వైపు చూశాడు, రెండో గుంట వైపు చూశాడు. వాటి అవతల ఊళ్లోవాళ్ల గుంటలు, ఆ అవతల సరుగుడు తోపు, ఆపైన సముద్రం ఉన్నాయి. ఎక్కడా ఒక గుంట అప్పు దొరికేలా లేదు.

"ఈడే ఉండాది" అంది వాణి, రెండు గ్లాసులూ తిన్నె మీద పెడుతూ. "నేనే."

టైటస్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మళ్లీ కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాడు. చదువుతున్న కొద్దీ అతని చెవులు ఎర్రబడ్డాయి. పెంచలకృష్ణ నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మానుకున్నాడు.

"ఏం మే, నాతో ఒక మాట చెప్తే పోయేదానికి..."

"చెప్పినా బావా. నువ్వు మూడున్నరకు లెయ్యమన్నావు." వాణి అక్కడితో ఆపలేదు. "మా అమ్మకు చెయ్యీ కాలూ పడిపోతే ఆరేండ్లు నేనే అన్నం కలిపి నోట్లో పెట్టినా. మింగలేక కార్చుకుంటా ఉంటే తుడిచినా. నాకు పడిపోతే ఎవురు పెడతారు? ఆ పని డైరీలో ఎవురికి అప్పగిస్తావో ఇప్పుడే రాసి చూపించు."

పెంచలకృష్ణ పెన్సిలు కోసం చెవి మీద తడుముకున్నాడు. చెప్పడానికి జవాబు ఒకటే ఉంది, అది కూడా వాణి పేరే.

టైటస్ తల వంచుకుని ఆరో పేజీ అడుగున ఎర్ర సిరాతో రాశాడు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా పూర్తి విశ్రాంతి. దగ్గరికి ఎవరూ పోరాదు. మేత మూడు పూటలా, వేళకు. తెల్లవారుజామున కదిలించరాదు. అది రాసి, కాఫీ తాగకుండానే బండెక్కాడు. పెంచలకృష్ణ ఆ నాలుగు ముక్కలూ మొదటినుంచి చివరిదాకా చదివాడు. ఆరు సంతకాలూ వేలితో ఒక్కొక్కటే ముట్టుకుని చూసుకున్నాడు. భార్య పోతుందేమోనన్న భయం ఆ మనిషిలో మొదటిసారి పుట్టింది. నిజం చెప్పాలంటే, ఎర్ర సిరాలో చూశాకే పుట్టింది.

మర్నాడు ఒంటిగంటన్నరకు ఇంట్లో పౌర్ణమి మర్యాదలన్నీ మొదలయ్యాయి. టీవీ ఆగిపోయింది. బస్తాల ఆటోను రోడ్డు మీదే ఆపించాడు. రెండు గంటల మేత తానే చల్లాడు. రెండు గుంటల మేతా ఒకటో గుంటలోనే చల్లాడు గానీ, చల్లాడు. మధ్యలో ఒకసారి తలుపు దాకా వచ్చి, రెండో గుంటకు ఎన్ని డబ్బాలో అడగబోయి, ఆగి, చప్పుడు కాకుండా వెనక్కి పోయాడు. వాణి కళ్లు మూసుకునే ఆ అడుగులు వింది. ఆ రోజు ఆమెకు నిద్ర పట్టలేదు. తాను నోరు విప్పి చెప్పినదానికి లేని విలువ, రొయ్యల గళ్లలో రాసినదానికి దొరికినందుకు ఒళ్లు మండిపోయి పడుకుంది. రెండో రోజు కూడా మండింది. మూడో రోజుకు నిద్ర పట్టింది. చెప్పిన గడువుకు వెళితే మెర్లిన్ పట్టీ విప్పుతూ నూట నలభై ఆరుకు తొంభై అంది. నెల్లూరుకు రాసివ్వలేదు.

ఆ మర్నాడు మధ్యాహ్నం వాణి నడుం వాల్చి ఉంది. మొగుడు గట్టు మీద మేత చల్లుతున్నాడు. గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ చెంచమ్మ లోపలికి వచ్చింది. కాఫీ అడుగుతుందేమోనని వాణి లేవబోయింది. చెంచమ్మ వద్దని చెయ్యి ఊపి, చాప కొసన కష్టంగా కూర్చుని మోకాళ్లు చాపుకుంది. ఆమె ఒడిలో రిజిస్టరు ఉంది. అక్షరం రాని మనిషి చేతిలో అదెందుకో వాణికి అర్థం కాలేదు.

"అమ్మే, నన్ను గూడా ఇందులో రాయి" అంది చెంచమ్మ.

"నీకేం కష్టమొచ్చిందత్తా ఇప్పుడు?" వాణి గొంతులో కాస్త కోపమే ఉంది. "నువ్వు చేసే పనేముందని రాయాల?"

"ఇప్పటిది గాదు మే." ముసలామె రిజిస్టరు మీద చెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది. "అప్పటిది రాయి. ముప్పై ఏండ్లు నాట్లేసినా ఇదే మడిలో. వీడు కడుపులో ఉన్నప్పుడు గూడా నడుము లోతు బురదలో నిలబడినా. మీ మామ ఒక్కనాడు కూర్చోవే అని అనలా. ఎవురూ రాయలా. పోయేలోపల ఒక పేజీ రాయి."

వాణి లేచి కూర్చుంది. ఆమె గంటన్నరలో ఇంకా నలభై నిమిషాలున్నాయి. కిటికీలో పెట్టిన పెన్ను తీసుకుని, రిజిస్టరులో ఖాళీ పేజీ తెరిచి, అత్త ముఖంలోకి చూసింది.

"ఎన్నింటికి లేసేదానివత్తా?" అని అడిగింది.